థీసిస్‌లో లేని కిట్టు

యూనివర్సిటీ వరండా సగం ఊడ్చేసరికే ఉప్పలమ్మకు ఎడమ రెక్క లాగుతోంది. చీపురు రెండో చేతికి మార్చుకుని ఊడుస్తూనే ఉంది. వంగిన నడుం, పగిలిన మడమలు, మోకాళ్ళ దాకా వేలాడే నీలం కోటు. ఇవాళ పనికి పోవద్దని మాణికేశ్వర్ నగర్‌లో పక్కింటామె ఎంతో పోరింది. వింటేగా! ఇవాళ నిరోష పుస్తకం తెస్తానంది మరి.

నిరోష అక్కడే రీసెర్చి చేస్తోంది. డ్రైనేజీ పనిలో చచ్చిపోయినవాళ్ళ మీద థీసిస్ రాసింది. ఉప్పలమ్మ కొడుకు కిట్టు మెట్టుగూడలో మ్యాన్‌హోల్‌లోకి దిగి మళ్ళీ పైకి రాలేదు. వాడెవడో మాకు తెలియదు పొమ్మన్నాడు కాంట్రాక్టరు. పాపిష్టి మాట! కన్నతల్లి ఎదుటే అన్నాడు. అందుకే నిరోష అడిగినప్పుడు ఉప్పలమ్మ అంతా చెప్పింది, వాడికి ఎండుచేపల కూర ఇష్టమని కూడా. పుస్తకంలో పేరు పడితే ఇక ఎవడూ వాణ్ణి లేడనలేడని ఆమె ఆశ.

మధ్యాహ్నం నిరోష వచ్చింది, తార్నాకలో బైండింగ్ చేయించిన లావు పుస్తకం చంకన పెట్టుకుని.

"నా కొడుకు పేరు యాడున్నది బిడ్డా? జర చూపియ్యి."

నిరోష పుస్తకం బెంచీ మీద తెరిచి వేలు పెట్టింది. "గిదే పెద్దమ్మా. రవి అని ఉన్నది."

"రవి ఎవడు?"

"పేర్లు మార్చాలె, రూలు. నీకేం ఇబ్బంది కావద్దని. ముందు పేజీలనే రాసిన, పేర్లన్నీ ఫిక్టీషియస్ అని."

"అంటే ఏంది?"

"కల్పితం. ఉత్తుత్తిది... అసలు లేని మనిషికి పెట్టినట్టు."

ఉప్పలమ్మ పుస్తకం మీదికి వంగింది. "లేడని కాంట్రాక్టరు అనె. నువ్వు గూడ అంటివి."

నిరోష "పేరొక్కటే పెద్దమ్మా, కథంతా కిట్టుదే. ఇప్పుడు మార్చనియ్యరు" అంది. పుస్తకం, పెన్ను బెంచీ మీదే వదిలి టీ తెస్తానని క్యాంటీన్‌కు వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి ఉప్పలమ్మ బెంచీ పక్కన నేల మీద కూర్చుని ఉంది, తల గోడకు వాలిపోయి. భుజం పట్టి ఊపి నిరోష కేకపెట్టింది. అటెండరు కుమార్ పరుగున వచ్చి నాడి చూశాడు. "పోయింది మేడం" అన్నాడు.

అంబులెన్స్ వెళ్ళాక నిరోష బెంచీ దగ్గరకొచ్చింది. తను వేలు పెట్టిన చోట రవి పేరు మీద గీత, కాగితం చిరిగేంత గట్టిగా. పైన వంకరటింకరగా కిట్టు అని ఉంది. చిన్నప్పుడు వాడు పలక మీద దిద్దుకుంటుంటే పక్కన కూర్చుని ఉప్పలమ్మ నేర్చుకున్న అక్షరాలు అవి రెండే.

పేజీ మూసుకుపోకుండా దాని మీద ఆ పెన్నే అడ్డంగా పెట్టి ఉంది.