ఐసు గట్టని ఫ్రిజ్, జానమ్మ కోళ్లు

జానమ్మ ఒక పని పట్టిందంటే అది కావాల్సిందే. కాకపోతే ఎవరో ఒకరికి తిట్లు తప్పవు. ఆ పొద్దున థర్మాస్ ఫ్లాస్కు చంకన పెట్టుకుని పశువుల దవాఖాన మెట్లెక్కుతున్నప్పుడు ఆమెకు ఏ అనుమానమూ లేదు. టీకా తీసుకుంటుంది, కంపౌండర్‌ను వెంటబెట్టుకుని ఊరికి పోతుంది, అంతే.

మండలాలు కొత్తగా వచ్చిన రోజులవి. జానమ్మది గరిడేపల్లి అవతల, వాగుకు ఇవతల ఉన్న చిన్న గూడెం. వాగు అవతలి ఊళ్లో కోళ్లకు కొక్కెర తెగులు తగిలిందని నిన్ననే తెలిసింది. మెడలు వాల్చేసి, రెండ్రోజుల్లో గంపలకు గంపలు ఖాళీ చేసే రోగం అది. సాయంత్రం కోళ్లు గూటికి చేరేసరికి టీకా పడకపోతే తన కోళ్లు దక్కవు. జానమ్మకు కోళ్లంటే ప్రాణం. మొగుడు మట్టయ్య మేళ్లచెరువు సిమెంటు లారీల మీద పోతే ఎప్పుడో గాని ఇంటి ముఖం చూడడు. కోళ్లయితే రోజూ కాళ్లకు అడ్డం పడతాయి. మరి ప్రేమ ఎటు పోతుంది?

పోయినేడు కూడా ఇలాగే టీకా తెచ్చింది. ఎండకు ఫ్లాస్కులో ఐసు దారిలోనే కరిగి గోరువెచ్చని నీళ్లయింది. చల్లదనం పోతే మందు పనిచేయదని కంపౌండర్ వెంకటనర్సయ్య చెప్పాడు. ఇంత దూరం తెచ్చి పారబోస్తామా అని జానమ్మ వినలేదు. ఆమె మాట నమ్మి పక్కింటి బుచ్చమ్మ తన కోళ్లన్నీ పట్టి ఇచ్చింది. సూదులు వేశారు, రోగం వచ్చింది, కోళ్లన్నీ పోయాయి. ఆ తర్వాత చాన్నాళ్లు గూడెంలో తెల్లవారుజామున ఒక్క పుంజు కూసింది లేదు. బుచ్చమ్మ తిట్టలేదు, మాట్లాడటమే మానేసింది. తిట్టినా బాగుండేది. తిట్లకు జవాబు చెప్పడం జానమ్మకు వచ్చు.

అందుకే ఈసారి రోగం మాట వినకముందే ఆమె జాగ్రత్తపడింది. మిర్యాలగూడలో చెల్లెలింటికి పోయినప్పుడు, పుల్ల ఐసు ఫ్యాక్టరీలో ఐసుగడ్డల మీద గుప్పెళ్లతో ఉప్పు చల్లడం చూసింది. ఎందుకని అడిగితే, ఉప్పు పడితే చలి ఇంకా ముదురుతుందని చెప్పారు. అంతకంటే ఏం కావాలి? మొన్న కంపౌండర్ సూర్యాపేట పోయిన సమయం చూసి దవాఖానకు వచ్చి, కొంగున కట్టుకొచ్చిన దొడ్డుప్పును అటెండర్ ఐలన్న చేతిలో పోసి, ఐసు ట్రేల నీళ్లలో కలపమంది. ఐసు రాయిలా గడుతుంది, పొద్దుగూకేదాకా కరగదు అని ఆమె లెక్క. ఐలన్న ఎదురుచెప్పలేదు. జానమ్మతో వాదించడం కంటే ఉప్పు కలపడం తేలిక.

తీరా ఇప్పుడు వెంకటనర్సయ్య ఫ్రిజ్ తెరిచి తల అడ్డంగా ఊపాడు. నిన్నటి నుంచి ఐసు గట్టడం లేదట. ట్రేలలో నీళ్లు పలచని జావలాగా కదులుతున్నాయి. గ్యాస్ పోయి ఉంటుందని, కోదాడ మెకానిక్‌కు కబురు చేశానని, అతను వచ్చే వారం గాని రాడని చెప్పాడు. ఐసు లేకుండా మాత్రం ఈసారి టీకా బయటికి తీసేది లేదన్నాడు. పోయినేటి సంగతి అతనూ మరిచిపోలేదు.

"వచ్చే వారం నా గంపల ఏముంటయి సారూ, ఈకలా?" అంది జానమ్మ.

అని ఊరుకోలేదు. ఫ్రిజ్ ముందు చతికిలబడి, ఇది బాగయ్యేదాకా కదలనంది. రోగమొచ్చిన గేదెలు బయట కాచుకుని ఉన్నాయి మొర్రో అని కంపౌండర్ అన్నాడు. గేదెలకు ఓపిక ఎక్కువ, పోయి చూసి రమ్మంది.

గేదెల పని ముగించి వచ్చేసరికి ఆమె అక్కడే ఉంది. ఇక తప్పదని ఒక్కొక్కటే పరీక్ష మొదలుపెట్టారు. తలుపు తీస్తే లోపల బల్బు వెలిగింది, కాబట్టి కరెంటు వస్తోంది. పొలాల్లో మోటార్లన్నీ ఒక్కసారి వేస్తే వోల్టేజీ పడిపోవడం ఆ పక్కన మామూలే. స్టెబిలైజర్ ముల్లు చూస్తే ఉండాల్సిన చోటే ఉంది. తలుపు రబ్బరు లూజయిందేమోనని సందులో కాగితం పెట్టి లాగితే అది గట్టిగా పట్టుకుంది. జానమ్మ ఫ్రిజ్ వెనక చెవి ఆనించి వింది. మోటారు గుర్రుమంటోంది. వెనకాల జాలీ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. ఈ పరీక్షలన్నీ జరుగుతున్నంతసేపూ ఐలన్న గోడకు ఆనుకుని నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నాడు. ఎవడో వేలు పెట్టి చెడగొట్టి ఉంటాడని జానమ్మ అన్నప్పుడల్లా అతను బయటి వేపచెట్టు వంక చూస్తున్నాడు.

చివరికి ఆమె లేచి, ఐసు గట్టే అర తలుపు తానే తీసి, లోపలికి చెయ్యి పెట్టింది. గోడలంతా తెల్లగా మంచు పేరుకుని ఉంది. వేలికి అతుక్కునేంత చలి. మంచు గట్టింది, ట్రేలో నీళ్లే గట్టలేదు. అక్కడ ఆగిపోయింది జానమ్మ.

"సారూ, పెట్ట మంచిగనే పొదుగుతున్నది. ఒళ్లు కాలుతున్నది, రెక్కలు కప్పుకొనే ఉన్నది. పిల్ల రాలేదంటే తప్పు పెట్టది గాదు. గుడ్డు సెడింది," అంది.

అని ట్రేలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది.

ఉప్పు. నోరంతా ఉప్పు.

జానమ్మ ముఖంలో రంగు మారడం ఐలన్న ఒక్కడే చూశాడు. వెంకటనర్సయ్య కూడా రుచి చూసి, ఉమ్మేసి, ఇదెవడి పనిరా అని అటెండర్ మీదికి లేచాడు. ఐలన్న నోరు తెరవలేదు. జానమ్మను పట్టివ్వడం కంటే తిట్లు తినడమే మేలనుకున్నట్టున్నాడు పాపం. జానమ్మ ఇంకో క్షణం ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు.

"ఆయన్నేమనకు సారూ. ఉప్పు నాది. కలపమన్నది గుడ నేనే."

కంపౌండర్ కుర్చీలో కూలబడి నవ్వాడు. ఫ్యాక్టరీలో ఉప్పు చల్లేది బయటి నుంచి చలి ఎక్కించడానికని, గట్టాల్సిన నీళ్లలోనే కలిపితే ఈ ఫ్రిజ్ చలికి అవి గట్టవని చెప్పాడు. జానమ్మ శ్రద్ధగా వింది. ఈ ముక్క ఆ ఐసు వాళ్లు అప్పుడే చెప్పి ఉంటే వాళ్ల సొమ్మేం పోయిందని విసుక్కుంది. ఆ వెంటనే ట్రేలు తీసుకుపోయి బావి దగ్గర తానే తోమి, మంచినీళ్లు పోసి లోపల పెట్టింది.

ఆ తర్వాత ఫ్రిజ్ తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. ఎండ మండిపోతోంది. గేదెను తోలుకొచ్చిన రైతు చల్లనీళ్లు అడిగితే బావి చూపించింది. కంపౌండర్ తన సద్దిలోకి మజ్జిగ తీసుకుంటానంటే వేడన్నంలోకి మజ్జిగ ఎందుకంది. అది సద్దన్నమేనని అతను చెప్పుకున్నా తలుపు మాత్రం తెరుచుకోలేదు. పొద్దు వాలాక లేచి, ట్రే బయటికి తీసి మెలితిప్పింది. ఐసు ముక్కలు ఫటఫటమని విడివడ్డాయి. జానమ్మకు ఒక్కసారిగా ఏడుపొచ్చింది, కానీ కంపౌండర్ ముందు ఏడవడం ఇష్టం లేక సైకిల్ తీయమని కసిరింది.

తడిగుడ్డ చుట్టిన ఫ్లాస్కును ఒళ్లో పెట్టుకుని సైకిల్ వెనక కూర్చుని గూడెం చేరేసరికి కోళ్లు గూళ్లలో సర్దుకుంటున్నాయి. తన కోళ్లకు ముందు వేయించింది. ఆడవాళ్లు గుమ్మాల్లో నిలబడి చూశారు గాని ఎవరూ గంప ఎత్తలేదు. జానమ్మ అరచేతిలో ఒక ఐసుముక్క పెట్టుకుని బుచ్చమ్మ గుమ్మం ముందు నిలబడింది. బుచ్చమ్మకు ఇప్పుడున్నది ఒక్క పుంజు, తల్లిగారింటి నుంచి తెచ్చుకున్నది.

"పోయినేడు ఐసు కరిగినంక గుడ సూదులేపిచ్చింది నేనే, వదినె. సారు వద్దన్నడు, నేను ఇనలే. ఇయ్యాల నువ్వే ముట్టి సూడు," అంది.

బుచ్చమ్మ ముట్టి చూసింది. మాట్లాడకుండా లోపలికి పోయి, పుంజును తెచ్చి కంపౌండర్ చేతికిచ్చింది. జానమ్మ వైపు చూడలేదు. ఆమె వెనకాలే చుట్టుపక్కల గంపలూ లేచాయి.

రోగం కొన్ని వారాలకు వాగు దాటింది. ఊరి చివర టీకా వద్దన్న ఇళ్లలో కోళ్లు మెడలు వాల్చాయని ఒక సాయంత్రం తెలిసింది. అంత ధీమా మనిషీ మర్నాడు తెల్లవారుజామున మంచం మీద కళ్లు తెరుచుకుని, ఊపిరి బిగబట్టి పడుకుంది. తన గంపలో కదలిక వినిపిస్తూనే ఉంది. ఆమె చెవి మాత్రం గోడ అవతల ఉంది.

గోడ అవతల పుంజు కూసింది. కాసేపటికి ఇంకోసారి కూసింది. ఆ వెంటనే ఏడాదిగా వినబడని గొంతు ఒకటి గోడ దాటి వచ్చింది.

"వదినె, నా పుంజు కూసింది. ఇన్నవా?"

జానమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, విన్నానని చెప్పి, గంప ఎత్తడానికి లేచింది.