అన్నీ ఎడమ కాళ్ళే

మా కుట్టు కార్ఖానాలో సోమవారాలు మిషన్లు కాస్త ఆలస్యంగా మొదలవుతాయి. ముందు ప్రార్థన ఉంటుంది. యజమానిని "సార్" అంటే ఒప్పుకోడు, "బ్రదర్" అనాలి. ఆయన కూడా అందరినీ బ్రదర్, సిస్టర్ అనే పిలుస్తాడు. పిలిచి, వెంటనే "నువ్వు" అంటాడు. మేం మాత్రం "మీరు" అంటాం. పెద్దవాణ్ణని నన్నొక్కణ్ణే "బాబాయ్ గారూ" అని, "మీరు" అని మన్నిస్తాడు.

నాది చెకింగ్ బల్ల. కుట్టిన బట్టలకు వేలాడే దారాలు కత్తిరించడం, కుట్టు జారిన చోట సుద్దముక్కతో గీత పెట్టడం నా పని. కాలేజీలో చదువుకున్నవాడికి ఈ వయసులో ఇదేం ఖర్మ అని మా అబ్బాయి నొచ్చుకున్నాడు. మా ఆవిడ పోయాక ఇంట్లో గడియారం చప్పుడు ఒక్కటే వినపడేది. ఇక్కడ ఆడవాళ్ళంతా ఒకేసారి మాట్లాడతారు, ఎవరూ ఎవరి మాటా వినరు. నాకది హాయిగా ఉంటుంది. గొంతు బాగుందని ప్రార్థనలో బైబిల్ వాక్యం చదివే పని కూడా నాకే ఇచ్చారు.

నేను వాక్యం చదివాక బ్రదర్ సాక్ష్యం చెబుతాడు, దేవుడు తన జీవితంలో ఏం మేలు చేశాడో. ఎప్పుడూ ఒకటే సాక్ష్యం. నోట్లో పిప్పరమెంటు బిళ్ళను ఒక బుగ్గ నుంచి రెండో బుగ్గకు తోసి, "మాస్టర్, లేచి నిలబడు" అంటాడు. కటింగ్ మాస్టర్ లేస్తాడు. బ్రదర్ వెళ్ళి అతని భుజం మీద చెయ్యి వేస్తాడు. ఆ చెమట చెయ్యి తీశాక చొక్కా మీద మరక మిగిలేది.

"ఈ మనిషి ఒకప్పుడు తప్పతాగి పనిలోకొచ్చాడు. స్కూలు పిల్లల పంట్లాల కోసం బట్ట తాను పరిచి కత్తిరించాడు. కత్తిరించి చూస్తే ఏముంది? అన్నీ ఎడమ కాళ్ళే!"

అక్కడ అందరూ నవ్వాలి. నవ్వేవాళ్ళు. నవ్వు ఆగాక ఆయన గొంతు తడయ్యేది. "తన్ని తరిమేవాడినే. దేవుడు నా మనసుతో మాట్లాడాడు. క్షమించాను. ఇవాళ ఇలా నిలబడ్డాడంటే..." జేబులోంచి రుమాలు తీసి కళ్ళు ఒత్తుకుని, తడి అంటిందో లేదో ఓరగా చూసుకునేవాడు. "నాయకత్వమంటే ఇదీ!" అని ముగించి, అదే రుమాలుతో ముక్కు చీదేవాడు.

మాస్టర్ తాగుడు మానేసి ఏడేళ్ళయింది. కొత్తవాళ్ళు ఎవరు చేరినా బ్రదర్ అతన్ని మళ్ళీ తాగించి, మళ్ళీ ఆ బట్ట పాడుచేయించి, మళ్ళీ క్షమించేవాడు. వింటుంటే నాకు నోట్లో వెంట్రుక చుట్టుకున్నట్టుండేది.

ఆ శనివారం టీ వేళ మాస్టర్ నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. గ్లాసులో టీ మీద మీగడ కట్టింది. తాగలేదు.

"బాబాయ్ గారూ, సోమవారం నుంచి మా కోడలు పనిలోకొస్తోంది. గుండీల మిషన్ మీద."

"మంచిదేగా."

"మంచిదే. ఆ పిల్లకి నా సంగతి తెలీదు."

పెళ్ళయి మూడు నెలలే అయిందట. ఆ అమ్మాయి తండ్రి తాగి తాగి పోయాడు. గుమ్మంలోకి ఎవరు అడుగుపెట్టినా ముందు ముక్కుతో చూడటం ఆమెకు అలవాటు. "మా ఇంట్లో మొదట్లో నన్నూ అలాగే చూసేది. చెప్పులు విప్పుతుంటే దగ్గరికొచ్చి నిలబడేది. ఈమధ్య మానేసింది. వంటింట్లోంచే 'వచ్చారా మామయ్యా' అంటోంది" అన్నాడు.

ఆ ఒక్క పిలుపు కోసం అతను ఏమైనా ఇచ్చేలా ఉన్నాడు.

"ముందే నువ్వే చెప్పెయ్యరాదూ?"

"చెబుతాను. నా నోటితో, కూర్చోబెట్టుకుని చెబుతాను. సోమవారం లోపల నోరు పెగలదు బాబాయ్ గారూ. ఆయన నవ్వించి చెప్తాడు చూడండి, అలా మాత్రం తెలియకూడదు. మీ మాటంటే ఆయనకి కాస్త గురి. ఈ ఒక్కసారికి మానమనండి."

బ్రదర్ గదిలో ఏసీ చల్లగా ఉంది. పిప్పరమెంటు, సెంటు కలిసి వాసన కొడుతోంది. విషయం చెప్పాను. ఆయన నా మాట పూర్తిగా విన్నాడు, అదొకటి మెచ్చుకోవాలి.

"దాచమంటారా బాబాయ్ గారూ? దేవుడు చేసిన మేలు దాచితే పాపం కాదూ?"

"దాచమనడం లేదు. అతన్నే చెప్పుకోనివ్వండి. అది అతని కథ."

"అతని కథెలా అవుతుంది?" నిజంగానే ఆశ్చర్యపోయాడు. "పాడుచేసింది అతను. క్షమించింది నేను. సాక్ష్యం నాది!"

"క్షమించేశాక అదింకా మీ దగ్గరెందుకుంది బ్రదర్?"

ఆయన నవ్వి, సొరుగు లాగి, నాకో పిప్పరమెంటు బిళ్ళ ఇచ్చాడు. "మీరు మెత్తని మనుషులు. మనుషుల్ని నడిపించడం మీకు తెలీదు. కోడలి ముందు తల వంచితే అతనికీ అణకువ పెరుగుతుంది."

బిళ్ళ చేతిలో జిగటగా అంటుకుంది. బయటికొచ్చి కుళాయి కింద చాలాసేపు చెయ్యి కడుక్కున్నాను. మా ఇంట్లో పాలు ఒలికితే ఎవరు ఒలకబోశారో చూడకుండానే తుడిచేసేది మా ఆవిడ. మనవడు దొంగమొహం పెట్టుకుని గోడవారగా నిలబడితే, వాడి గ్లాసులో మళ్ళీ పోసేది, అంతే. ఆవిడ ప్రసంగాలేవీ చెయ్యలేదు.

సోమవారం ఆ అమ్మాయి వచ్చింది. సన్నగా, చురుగ్గా ఉంది. బట్ట అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్ మీది అక్క పక్కకు జరిగి చోటిచ్చింది. "మా మామయ్య చెయ్యి పడితే పంట్లానికి వంక పెట్టలేరట కదక్కా?" అంటోంది గర్వంగా. అక్క నావైపు చూసి తల దించుకుంది.

నేను వాక్యం చదివాను. చదవడం అయ్యాక పుస్తకం మూసి, బ్రదర్ లేచేలోగా, ప్రభువు నేర్పిన ప్రార్థన గట్టిగా అందుకున్నాను. ఆ ప్రార్థనతోనే మా సమావేశం ముగుస్తుంది. దాని తర్వాత ఎవరూ మాట్లాడరు, మిషన్లు మొదలవుతాయి. అలవాటు కొద్దీ అందరూ లేచి నాతో గొంతు కలిపారు. బ్రదర్ కూడా కళ్ళు మూసుకోక తప్పలేదు. ఆమెన్ అనగానే ఎవరో స్విచ్ కూడా వేశారు.

"ఆగండాగండి. కూర్చోండి" అన్నాడు బ్రదర్. "బాబాయ్ గారికి ఇవాళ ఆకలి తొందరగా వేసినట్టుంది!"

నవ్వారు. మిషన్ ఆగిపోయింది. ఆయన బిళ్ళ ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి తోశాడు. "ఇవాళ మన కుటుంబంలోకి కొత్త సిస్టర్ వచ్చింది. ఆమెకు ఒక అద్భుతం చూపించాలి. మాస్టర్, లేచి నిలబడు."

మాస్టర్ లేచాడు. భుజం మీద చెయ్యి పడింది. తప్పతాగి అన్న మాట దగ్గర ఆ అమ్మాయి మొహంలో రంగు పోయింది. ఆయన ఆ రోజు మరింత సాగదీశాడు. మాస్టర్ తూలి ఎలా నడిచాడో నడిచి కూడా చూపించి, మళ్ళీ వచ్చి భుజం పట్టుకున్నాడు. ఇంత శుభ్రమైన మాటలతో ఇంత మురికి పని చెయ్యవచ్చని నేను ఏ చదువులోనూ చదువుకోలేదు.

"...కత్తిరించి చూస్తే ఏముంది? అన్నీ ఎడమ కాళ్ళే!"

ఓవర్‌లాక్ అక్క నవ్వలేదు. ఆవిడ నవ్వకపోయేసరికి పక్కావిడ కూడా నోరు మూసుకుంది. వెనక ఎక్కడో మొదలైన నవ్వు ఒకటి దగ్గుగా మారిపోయింది. బ్రదర్ మాస్టర్ భుజం మీది చెయ్యి తీసి, రుమాలు కోసం జేబులో పెట్టాడు.

మాస్టర్ కదిలాడు. తన కటింగ్ బల్ల దగ్గరికి నడిచి, కొత్త తాను ఎత్తి బల్ల మీద పెట్టాడు. "మాస్టర్, ఇంకా అవలేదు" అన్నాడు బ్రదర్. అతను వినలేదు. కోడలివైపు చూశాడు.

"అవునమ్మా. నేనే. నువ్వు రాకముందు. మిగతాది ఇంట్లో చెబుతాను."

తాను పరచడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. బట్ట కొస పట్టుకుని అటు చివర ఒకరుండాలి. అతను కొస పట్టుకుని నిలబడ్డాడు, అటు చివర ఎవరూ లేరు. బ్రదర్ క్షమాపణ సంగతి చెబుతూనే ఉన్నాడు.

ఆ అమ్మాయి లేచింది. మామగారి దగ్గరగా, మరీ దగ్గరగా వెళ్ళి ఒక్క క్షణం ఆగింది. ఆమె ముక్కు పుటాలు కదలడం నేను చూశాను. మాస్టర్ కూడా చూశాడు. తల తిప్పుకోకుండా అలాగే నిలబడ్డాడు.

ఆమె అతని చేతిలోంచి బట్ట కొస తీసుకుని, బల్ల వెంట అటు చివరికి నడిచింది.

"మధ్యలో ముడత పడింది, లాగండి మామయ్యా" అంది.