కంట్లో నడిచే ఆవిడ

ఏటా ఎండలు ముదరకముందే ఆ ఇంటి ఆడవాళ్ళు ముగ్గురూ కంటి ఆసుపత్రికి వెళతారు. అమ్మమ్మ, అమ్మ, అమ్మాయి. ఒకరి తర్వాత ఒకరు స్టాండు మీద గడ్డం ఆనించి కూర్చుంటే, టెక్నీషియను కంటి లోపలి ఫోటో తీస్తాడు. రెటీనా జబ్బు వాళ్ళ వంశంలో తల్లి నుంచి బిడ్డకి వస్తోంది. మొదట పక్కచూపు పోతుంది. వయసుతో పాటు చీకటి అంచుల నుంచి లోపలికి జరుగుతుంది.

ఫోటోల్లో ముగ్గురి కళ్ళలోనూ ఒకే ఆవిడ నడిచి వస్తూ కనిపిస్తుంది. అమ్మాయి కంట్లో దారి చివర, నువ్వుగింజంత. అమ్మ కంట్లో బొటనవేలంత, మొహం పోలికలు కూడా తెలుస్తాయి. ఆవిడ కంటికి ఆనేంత దగ్గరికి వచ్చేసి అమ్మమ్మకి చూపు పూర్తిగా పోయింది కాబట్టి, ఆ ఫోటోలో ఆవిడ కట్టుకున్న బట్ట నేత తప్ప ఇంకేమీ పట్టదు. డాక్టరు స్కేలు పెట్టి, ఈ ఏడు ఇంత జరిగిందని కొలుస్తాడు. దీనికి మందు లేదు, కొలుచుకోవడమే. నలభై దాటాక ఆవిడ నడక జోరందుకుంటుందని కూడా ఆయనే చెప్పాడు, బస్సు ఆలస్యమని చెప్పినంత తాపీగా.

అమ్మాయి బస్సు డ్రైవరు ఉద్యోగానికి ఎంపికైంది. కంటి పరీక్ష దాటితేనే స్టీరింగు చేతికిస్తారు, ఏటేటా దాటుతూనే ఉండాలి. ఇంట్లో దిగులంతా అదే. అమ్మమ్మ మాత్రం దిగులు పడుతూ కూడా నోరు మూసుకునే రకం కాదు, గోడతోనైనా కబుర్లు చెప్పగలదు. ఒక మధ్యాహ్నం తన చీకట్లో ఎదురుగా నిలబడ్డ ఆవిడతో, "ఎంత దూరం నుంచి వస్తున్నావో ఏమో, కాళ్ళు పీకుతుంటాయి. కూర్చోవమ్మా" అంది. ఇన్ని తరాల్లో ఎవరూ ఆవిడని ఆ మాట అనలేదు. అందరూ భయపడి కళ్ళు మూసుకున్నవాళ్ళే.

ఆ ఏడాది మూడు ఫోటోల్లోనూ ఆవిడ కూర్చుని ఉంది. డాక్టరు స్కేలు పక్కన పెట్టేశాడు. అమ్మాయి ఉద్యోగంలో చేరింది. అమ్మమ్మ పొద్దస్తమానం ఆవిడతో మాట్లాడుతూనే ఉండేది, పక్కింటివాళ్ళ గొడవలతో సహా. వింటున్నంత కాలం ఆవిడ లేవలేదు.

తర్వాత అమ్మమ్మ పోయింది. నెల తిరక్కుండానే అమ్మాయి డిపోలో బస్సు వెనక్కి తీస్తూ పక్కనున్న మెకానిక్కుని చూడలేదు. అతను దూకాడు కాబట్టి సరిపోయింది. ఫోటో తీయిస్తే అమ్మాయి కంట్లో ఆవిడ లేచి ఉంది. ఏళ్ళ తరబడి నడవాల్సింది ఆ కాస్త రోజుల్లోనే నడిచేసింది, చేతులు ఊపడం కూడా కనిపిస్తోంది. మాట్లాడే మనిషి లేక లేచిపోయి ఉంటుందన్నాడు డాక్టరు. తను మాట్లాడితే ఆవిడకి వినపడుతుందా అని అమ్మ అడిగింది.

"అంత దూరం వినపడదు. రమ్మని చెయ్యి ఊపితే మీ దగ్గరికి రావచ్చు."

"వస్తే నా చూపు పోతుంది కదా?"

డాక్టరు అమ్మమ్మ పాత ఫోటో తీసి ఆమె ముందు పెట్టాడు.

అమ్మది చిరిగిన బట్టకి అతుకు తెలియకుండా దారం అల్లే పని. ఇంటికొచ్చి, ఒప్పుకున్న కోటు పూర్తిచేసి ఇచ్చేసింది. కూతురికి భోజనం పెట్టి, అది తింటున్నంతసేపూ దాని మొహమే చూసింది. ఏంటమ్మా ఆ చూపు అని అమ్మాయి విసుక్కుంది. అమ్మ ఇంకాస్త కూర వడ్డించింది.

మర్నాడు అమ్మాయి డ్యూటీకి వెళ్ళాక, కిటికీ ముందు కుర్చీ వేసుకుని, ఎవరూ లేని వీధిలోకి చెయ్యి ఊపడం మొదలుపెట్టింది. దారినపోయే ఒకాయన తననే అనుకుని ఆగి, చూసి, గబగబా వెళ్ళిపోయాడు. ఎండ తగ్గకుండానే కిటికీ సన్నబడింది. తర్వాత కిటికీ లేదు. ఎదురుగా ఎవరిదో ఊపిరి, బాగా నడిచొచ్చిన మనిషిది.

"కూర్చోవమ్మా," అంది అమ్మ.

తర్వాతి ఫోటోలో, అమ్మాయి కంట్లో ఆవిడ ఉన్నచోటే చతికిలబడి ఉంది. అమ్మాయి పరీక్ష అంతంతమాత్రంగా గట్టెక్కింది. పాసయ్యానని చెప్పడానికి ఇంటికొచ్చి, కుర్చీలో గోడ వైపు తిరిగి కూర్చున్న తల్లిని చూసి నిలబడ్డచోటే ఏడ్చేసింది.

"నిన్నెవరు పిలవమన్నారమ్మా? నన్నొక్క మాట అడగక్కర్లేదా?"

అమ్మ తడుముకుంటూ కూతురి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"మెల్లిగా మాట్లాడవే. ఇప్పుడే కునుకు పట్టింది ఆవిడకి."