శొంఠి బస్తాకు ఊరి చీటీ

కనకయ్యది దేశ రాజధానిలో, ఖారీ బావలీ మసాలా బజారులో శొంఠి వ్యాపారం. పాతికేళ్లుగా ఒకటే పద్ధతి. ఏ ఊళ్లో పండిందో, ఎవరెవరి చేతుల మీదుగా వచ్చిందో రాసిన చీటీ ప్రతి బస్తా మూతికీ ఉండాలి. చీటీ లేని బస్తాను బండి మీంచి దింపనివ్వడు. ఇంట్లోనూ ఒక పట్టుదల ఉంది, కూతురితో తెలుగు తప్ప మాట్లాడడు. ఆ పిల్ల ప్రణతి మాత్రం హిందీలోనే జవాబిస్తుంది.

యూనివర్సిటీలో భాషాశాస్త్రం చదివే ప్రణతి, జింజర్ అనే ఇంగ్లిషు మాట ఎక్కడ పుట్టిందని వ్యాసం మొదలుపెట్టింది. ఫ్రెంచి, లాటిన్, గ్రీకు దాటి ప్రాకృతం దగ్గర ఆగిపోయింది. సంస్కృతంలో శృంగవేరం అంటే కొమ్ములాంటి ఒళ్లని అర్థం చెబుతారట, ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. ఒకరోజు అన్నం దగ్గర తండ్రిని అడిగింది. వయసులో ఉండగా కొచ్చిలో గుమాస్తాగా చేసినవాడాయన. అక్కడ అల్లాన్ని ఇంచి అంటారనీ, వేరును మనలాగే వేరంటారనీ, రెండూ కలిపి ఇంచివేరు అని చూడమనీ చెప్పాడు. పుస్తకాలు తిరగేస్తే పండితులూ అదే రాశారు. పెద్దయ్యాక కూతురు తన దగ్గర నేర్చుకున్నది అదొక్కటేనని కనకయ్య లెక్క.

సెమినార్ రోజున దుకాణం కట్టేసి వెళ్లి వెనక వరసలో కూర్చున్నాడు. మా నాన్న చెప్పాడు అనే ముక్క చెవిన పడితే చాలనుకున్నాడు. ఏ భాష ఏ భాష దగ్గర ఆ మాట పుచ్చుకుందో ప్రణతి ఒక్కటీ వదలకుండా చెప్పింది. చివరి మెట్టు దగ్గర కాగితంలోకి తలదించి, అది ఖారీ బావలీలో ఒక వ్యాపారి చెప్పిన సంగతి అంది.

టీ దగ్గర ఆమె స్నేహితురాలు వైశాలి పలకరించింది. వైశాలి తండ్రి కేంద్ర ప్రభుత్వంలో ఆఫీసరు.

"నమస్తే అంకుల్. ప్రణతి వాళ్ల బంధువులా? వాళ్ల డాడీకి మినిస్ట్రీలో సెలవు దొరకలేదటగా."

కనకయ్య కూతురి వైపు చూశాడు. సరుకు ఆమెది, ధర ఆమే చెప్పాలి. ప్రణతి కప్పులోకి చూస్తూ నిలబడింది.

"ఆ శొంఠి వ్యాపారిని నేనేనమ్మా," అన్నాడు.

ప్రణతి ఊపిరి వదిలింది. బస్తా దించిన కూలీ వదిలే ఊపిరి. రోజూ వినేదే, ఆయన పొరబడడు.

గేటు దాకా వెనకే వచ్చింది.

"గ్రీకువాళ్లకు కూడా చీటీ కట్టావు. నాకే కట్టలేకపోయావు," అన్నాడు.

"డాడీ, ప్లీజ్. యహాఁ సీన్ మత్ కరో," అంది, ఇక్కడ గొడవ వద్దన్నట్టు.



"ఠీక్ హై బేటా. తుమ్ జావో," అని కనకయ్య హిందీలో చెప్పి మెట్రో వైపు నడిచాడు.