గోడకు ఇవతల

తల్లి జ్వరంతో మూలుగుతుంటే రాత్రుళ్లు నిద్ర లేక వుబలెం కళ్లు మండిపోతున్నాయి. అయినా తెల్లవారుతూనే పిన్ని అస్నకెచ్ వెంట కొండెక్కక తప్పలేదు. "చర్చి లోపలికి వెళ్లి, నా జ్వరం తగ్గాలని మరియమ్మ పటం ముందు నా బాప్తిస్మపు పేరు నువ్వే చెప్పాలి" అని తల్లి మరీ మరీ అడిగింది.

చర్చి మెట్ల దగ్గర చెప్పులు విడుస్తుంటే తన దవడ ఆడుతున్నట్టు తెలిసింది. నోట్లో వేయించిన బార్లీ గింజలు! పొలంలో నిద్ర ఆపుకోవడానికి కొంగున కట్టుకుని నమలడం అలవాటు. నడుస్తూనే కునుకుతూ ఎప్పుడు ముడి విప్పిందో తనకే తెలియదు. గబగబా ఉమ్మేసింది కాని, అప్పటికే సగం కడుపులోకి పోయాయి. ఆరాధన జరిగేటప్పుడు ఎంగిలిపడ్డవాళ్లు లోపల అడుగు పెట్టరు.

"పిన్నీ, నేను తిన్నాను."

"ఏం తిన్నావే, పెళ్లి భోజనమా? నాలుగు గింజలు! ఎవరు చూశారు? పద."

"వద్దు పిన్నీ. అది దేవుడి ఇల్లు. మన వంటింట్లోకి వచ్చినట్టు ఎలా వస్తాను? అమ్మ పేరు నువ్వే చెప్పు."

"కూతురు చెప్పాలందిగా, మొద్దూ! అక్కడ అమ్మ మంచంలో ఉంటే ఇక్కడ నీ పంతమేంటే?"

అస్నకెచ్ తల బాదుకుని, తెల్ల శాలువ సవరించుకుని లోపలికి వెళ్లిపోయింది.

వుబలెం చర్చి గోడను ముద్దుపెట్టుకుని నుదురు ఆనించింది. రాయి చల్లగా ఉంది. లోపల డోలు మెల్లగా మోగుతోంది. పేరు చెప్పబోయి నిలుచున్నచోటే నిద్రలోకి జారింది. జనం బయటికి వస్తున్న అలికిడికి ఉలిక్కిపడి మేలుకుని, తల్లి బాప్తిస్మపు పేరు, "వలెత్త మర్యం... మా అమ్మ" అని గోడకే చెప్పింది.

దారి పొడవునా అస్నకెచ్ ఒకటే పోరు. "లోపలే చెప్పానని అను. ముసల్ది హాయిగా పడుకుంటుంది, నీకూ నాకూ గొడవ వదులుతుంది."

ఇంటికి రాగానే తల్లి కళ్లు తెరిచింది. "లోపలికెళ్లి చెప్పావా?"

పిన్ని వెనకనుంచి వీపు మీద పొడిచింది. వుబలెం మంచం పక్కన నేలమీద కూలబడింది.

"లేదమ్మా. బయట గోడ దగ్గర చెప్పాను. పొద్దున్నే తినేశాను."

తల్లి తన వేడి చెయ్యి కూతురి తలమీద వేసింది.

"అంత ఆకలేసిందా, నా తల్లీ?"