హస్తవాసి

"నీ హస్తవాసి మంచిదే. నువ్వు పొడిస్తే చీమ కుట్టినట్టయినా ఉండదు," అంటుంది అత్తయ్య పొద్దున్నే, నేను ఇన్సులిన్ సూది వేస్తుంటే. ఆ మెచ్చుకోలు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పొయ్యి మీద ఒకటి మాడుతుంటుంది, బకెట్లో బట్టలు నానుతుంటాయి, అవతల ల్యాబుకి టైమైపోతుంటుంది. మా ఆయన మాత్రం ఫోనులోంచి తలెత్తకుండా, "అమ్మ నా చేత చేయించుకోదుగా," అంటారు. ఒక్కసారైనా సూది పట్టుకుని చూసిన పాపాన పోలేదు.

ల్యాబులోనూ ఇదే పాట. మా దగ్గరున్నవి మామూలు ఎలుకలు కావు, డయాబెటిస్ వచ్చేలా జన్యువులు మార్చినవి. తోక నుంచి చుక్క రక్తం తీసి షుగర్ చూడాలి. బెదిరాయంటే షుగర్ ఎగబాకుతుంది, ప్రయోగం పాడవుతుంది. నా చేతుల్లో అవి బెదరవు. అలాంటి ఎలుకల్ని తయారుచేయడం నేర్పే శిక్షణకి పోయినేడాది నా పేరొస్తే, "మీరెళ్తే వీటినెవరు చూస్తారమ్మా?" అని మా సారు నా తోటివాడిని పంపించారు. ఇంట్లో ఆయనా అదే మాటన్నారు, కాకపోతే ఎలుకల బదులు అమ్మ. ఈ ఏడాది మళ్ళీ నా పేరొచ్చింది. ఈసారీ చేజారితే ఇక రాదు.

ఆ మధ్య ఒకరోజు నా బట్టలు ఆరలేదు. మా ఇంట్లో తీగ మీద అందరివీ ఆరేశాక చోటు మిగిలితేనే నావి. ఆయన విడిచిన టీషర్టు తొడుక్కుని, పైన ల్యాబు కోటు వేసుకుని పనిలోకి దిగాను. ఆ రోజు ఎలుకలు నా చేతుల్లో గిలగిల్లాడాయి. అన్నిటికీ షుగర్ ఆకాశాన్నంటింది. "ఇంట్లో ఏమైనా గొడవా?" అన్నారు సారు, ముఖం మాడ్చుకుని. కోటు విప్పుతుంటే మా ఆయన చెమట వాసన గుప్పుమంది. అప్పుడు వెలిగింది నాకు. మగవాళ్ళ వాసనకి ఎలుకలు బెదురుతాయని ఎక్కడో చదివాను. అంటే నా చేతిలో మహిమా లేదు, మన్నూ లేదు. వాటికి నేను అలవాటు, వాళ్ళు కాదు, అంతే. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళూ ఎంత చాకిరీని వరమనుకున్నాను!

"ఉతకని టీషర్టు ఒకటివ్వు," అన్నాను తోటివాడితో.

"ఏంటి మేడం, చేతబడా?"

"అలాంటిదే."

దాన్ని ముక్కలు చేసి బోనుల్లో వేశాను. రోజూ ఎలుకల్ని అతని చేతే పట్టించాను. నావల్ల కాదు మొర్రో అన్నాడు. వదల్లేదు. కొన్ని వారాలకి అతని చేతిలోనూ అవి కుదురుగా కూర్చున్నాయి, షుగర్ కూడా నిలకడగా వచ్చింది. సారుకి చూపించి, "నేను శిక్షణకి వెళ్తున్నాను సార్," అన్నాను. వెళ్ళనా అని అడగలేదు.

ఇవాళ పొద్దున సూది ఆయన చేతిలో పెట్టాను.

"నువ్వుండగా నేనెందుకు?"

"పట్టుకోండి. ఇక్కడ, ఇలా."

ఆయన గబుక్కున పొడిచేశారు. "అబ్బా! గునపంతో పొడిచావేంట్రా!" అని కేకేసింది అత్తయ్య. చూశావా అన్నట్టు ఆయన నా వైపు తిరిగారు. నా చెయ్యి దానంతటదే సూది కోసం ముందుకెళ్ళింది. వెనక్కి లాక్కున్నాను.

"అలవాటయ్యేదాకా కాస్త నొప్పి ఉంటుంది అత్తయ్యా," అన్నాను. "ఎల్లుండే నా ప్రయాణం."