గయ్యాళిని పిలిచిన తీరు

ఊళ్ళో కుక్కలన్నీ వలకు చిక్కాయి, గయ్యాళి తప్ప. ఆ పేరు వీధివాళ్ళు పెట్టింది. ఏడాదికి రెండు ఈతలు. పిల్లలున్నప్పుడు దాని ఛాయలకు వెళ్ళిన పోస్ట్‌మాన్ పిక్కకు ఇంకా కట్టు విప్పలేదు. పశువుల డాక్టరు మనుషులు కుక్కలను తీసుకెళ్ళి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, గుర్తుగా చెవి కొస కత్తిరించి, పట్టుకున్న వీధిలోనే మళ్ళీ వదులుతున్నారు. ఈ సాయంత్రంతో ఆ పని ఆఖరు. "ఆ తర్వాత చెవికి గుర్తు లేని కుక్క కనబడితే విషమే" అని ఊరి పెద్ద ముందే తేల్చేశాడు.

వల ఒక సందులోంచి వస్తే గయ్యాళి ఇంకో సందులోంచి బయటపడి, తీరిగ్గా కూర్చుని చూస్తోంది.

"కుక్కను పడుతున్నారా, ఊరేగిస్తున్నారా?" అంటూ, రోజూ దానికి అన్నం పెట్టే ఇంటి అత్తగారు గుమ్మంలోకొచ్చింది. "మీ అరుపులకి నేనే పారిపోయేలా ఉన్నాను."

"అయితే మీరే పట్టండి, పిన్నిగారూ!" అన్నాడు వలవాడు చెమట తుడుచుకుంటూ. "తిండి మాత్రం పెట్టకండి. కడుపు నిండి ఉంటే మత్తుమందు ప్రమాదం."

కోడలు పరుగున గిన్నె, గరిటె తెచ్చింది. రోజూ ఆ చప్పుడు వింటే చాలు, గయ్యాళి ఎక్కడున్నా వచ్చి వాలుతుంది.

"వాయించనా, అత్తయ్యా?"

"వద్దు. అన్నం ఉందని పిలిచి తాడు వేస్తామా?"

"కుక్కకి కూడా ఇన్ని మర్యాదలా! పొద్దు వాలుతోంది."

"పట్టుకోక తప్పదు. అబద్ధం చెప్పకుండా పట్టుకోవచ్చుగా."

వలవాళ్ళను గోడ అవతలికి పంపి, తాడు కనబడేలా ఒళ్ళో పెట్టుకుని ఆవిడ మెట్టు మీద కూర్చుంది. రెండు అరచేతులూ చాపి, "రావే, పనుంది" అంది, పక్కింటావిడను పిలిచినంత మామూలుగా.

గయ్యాళి వచ్చింది. చేతులు వాసన చూసింది. తాడునూ చూసింది. ఇక వెళ్ళిపోతుందనుకుంది కోడలు. అది వెళ్ళలేదు. ఆవిడ మోకాలికి ఒళ్ళు ఆనించి నిలబడింది. దాని మెడ నిమురుతూనే ఆవిడ తాడు వేసింది.

మనుషులు దగ్గరికి రాగానే గయ్యాళి గింజుకుంది. పన్ను తగిలి అత్తగారి మణికట్టు చీరుకుపోయింది. ఆవిడ తాడు వదల్లేదు. కోడలు గాయాన్ని చాలాసేపు పంపు కింద సబ్బుతో కడిగి, ఇంజెక్షనుకు తీసుకెళ్ళింది. దారి పొడుగునా అత్తగారి ధ్యాస ఒక్కటే: వ్యానులో దానికి గాలి ఆడుతోందో లేదో. నొప్పి గురించి కోడలే అడగాల్సి వచ్చింది.

వారం తిరక్కుండా గయ్యాళి వీధిలో దిగింది. చెవి కొస లేదు. అత్తగారి వంక చూడనైనా చూడకుండా దర్జీ కొట్టు మెట్ల పక్కకు పోయి పడుకుంది.

"పెట్టిన చేతికి దక్కిన విశ్వాసం!" అని దెప్పింది పక్కింటావిడ.

"అలగనీ. బతికుంటేనేగా అలిగేది."

కోడలు అన్నం కలిపింది. "కొట్టు దగ్గరే పెట్టి రానా, అత్తయ్యా?"

"పెట్టు. నేను పంపానని మాత్రం చెప్పకు."